నాలుగు కేజీల తరుగు

ఈ వారం మా ఇంటికి రెండు కబుర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆనందంలో రెండూ కలిపి గబగబా చెప్పేసరికి, మా వీధిలో సగం మంది నేను కుస్తీలో డిగ్రీ పాసయ్యాననుకున్నారు. అందుకని ఇక్కడ వరసగా చెబుతాను.

మొదటిది, నేను డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో, మా నాన్న వైపూ అమ్మ వైపూ ఎటు చూసినా, డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషిని నేనే. మా నాన్న ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువుల మీద మేత చల్లే పని చేస్తాడు. ఫోనులో రిజల్టు చూపిస్తానంటే చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, అప్పుడు అందుకున్నాడు. చదవడం రాకపోయినా చాలాసేపు చూశాడు.

రెండోది, రెజ్లింగ్ షోలు వేసే కంపెనీవాళ్ళు నన్ను అనౌన్సరుగా ఉద్యోగంలోకి రమ్మన్నారు. రింగు మధ్యలో నిలబడి, మైకు పట్టుకుని, బరిలోకి దిగే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచే పని. వస్తాను గానీ ఒక షరతు ఉందని చెప్పాను. అది విని మా నాన్న కంగారుపడిపోయాడు.

"ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి నువ్వు షరతు పెడతావేంటమ్మా?"

"మరి పెట్టదా? పెడతాది" అంది మా అత్త.

ఆ షరతు ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే మా అత్త ఇంటి కాటా దగ్గర మొదలుపెట్టాలి.

అత్త అంటే మా నాన్నకి అక్క. చెరువులో రొయ్యలు పట్టే రోజున, అంటే పట్టుబడి రోజున, రొయ్యలు క్రేట్లలో పోసి తూచేటప్పుడు, రైతుల తరఫున కాటా పక్కన నిలబడేది. కొనేవాళ్ళు నీళ్ళకింతా ఐసుకింతా అని తరుగు తీస్తుంటే, అంత తియ్యడానికి వీల్లేదని గట్టిగా మాట్లాడేది. రొయ్యలు తూచే షెడ్డులోకి కొత్త ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక, మూలపడేసిన పాత ఇనప కాటా ఇంటికి తెచ్చి వరండాలో పెట్టుకుంది. మనిషి ఎక్కి నిలబడేంత పలక, పైన కమ్మీ మీద జరిపే ఇనప గుండు. పిల్లలం ఇంటికొస్తే ముందు కాటా ఎక్కాలి, తరవాతే అన్నం. బరువు పెరిగామంటే అత్త మొహం వెలిగిపోయేది. తగ్గామంటే, ఎక్కడ తిరుగుతున్నావు, ఏం తింటున్నావని ఆరా మొదలు.

అత్త కూతురు నాకు వదిన. నాకంటే కొంచెం పెద్దది. ఆదివారాలు వాళ్ళింట్లో టీవీ ముందు కూర్చుని రెజ్లింగ్ చూసేవాళ్ళం. అందులో కోటు వేసుకున్న ఒకాయన రింగులో నిలబడి, వచ్చేవాడు ఏ ఊరివాడో, ఎంత బరువో గొంతు సాగదీసి చెప్పేవాడు. మిగతా ఇంగ్లీషు మాకు అర్థం కాకపోయినా ఊరూ బరువూ తెలిసేవి. షో అయిపోగానే వదిన కాటా ఎక్కేది. మేత కొలిచే రేకు డబ్బా నోటి దగ్గర పెట్టుకుంటే గొంతు గింగురుమనేది, అది నా మైకు. వదిన ఊరు, వదిన బరువు, వీధి చివర దాకా వినబడేలా అరిచేదాన్ని. వదిన చేతులు రెండూ పైకెత్తి, వరండాలో ఆరేసిన చీరలకి దణ్ణాలు పెట్టేది.

ఒక ఆదివారం టీవీలో ఆడవాళ్ళ పోటీ వచ్చింది. వదిన ముందుకి జరిగి కూర్చుంది.

"ఏమే, ఆవిడ బరువు చెప్పలేదేంటే?"

"మర్చిపోయాడేమో."

రెండో ఆవిడదీ చెప్పలేదు.

"ఇద్దరివీ మర్చిపోతాడా? అమ్మా, ఆడాళ్ళ బరువు ఎందుకు చెప్పరే?"

అత్త పెరట్లో చేపకి పొలుసు తీస్తోంది. "ఆడాళ్ళ బరువు అడక్కూడదంట."

"మరి నువ్వు నన్ను కాటా ఎక్కించి అడుగుతావు కదా?"

"నేను అడగట్లేదే, చూత్తున్నాను."

వదిన స్కూల్లో కబడ్డీ ఆడింది. కూతకి వెళ్ళి నలుగుర్ని లాక్కొచ్చేది. తొడలూ భుజాలూ గట్టిపడ్డాయి. అప్పట్నుంచీ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కనబడిన ప్రతి బంధువూ ఒకటే మాట. కాస్త తగ్గవే అమ్మా. తగ్గమన్నవాళ్ళ కొడుకులు అక్కడే రెండో ఆకు వేయించుకుంటుంటే మాత్రం, తిననివ్వండి, మగపిల్లాడు, ఒళ్ళు చెయ్యాలి అనేవారు.

మా దగ్గర రొయ్యల్ని కౌంటు లెక్కన కొంటారు. కేజీకి ఎన్ని తూగితే అంత కౌంటు. తక్కువ తూగాయంటే ఒక్కొక్క రొయ్యా బరువుగా ఉందన్నమాట, దానికే గిరాకీ. వదిన ఒకసారి చెరువుగట్టు మీద నిలబడి, పట్టుబడి చూస్తూ అంది. "రొయ్య బరువెక్కితే గట్టు మీద స్వీట్లు పంచుతారు. నేనెక్కితే మొహాలు ముడుచుకుంటారేంటే?"

ఇంటరు అయ్యాక వదిన హైదరాబాదులో రెజ్లింగ్ నేర్పేచోట చేరింది. తిరిగొచ్చినప్పుడల్లా ఒంటి నిండా నీలి మచ్చలు. గెలుపోటములు ముందే అనుకుంటారుగా, మరి దెబ్బలెందుకు తగులుతాయని అడిగాను. "గెలుపు ముందే అనుకుంటార్లే. పడ్డం మాత్రం ఎవరికి వాళ్ళే పడాలి" అంది. పడ్డం నేర్చుకోవడానికే నెలలు పట్టిందట. వెన్ను తగలాలి, తల తగలకూడదు. అది బాగా వచ్చాక షోలకి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు.

నేను డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసేసిన రోజుల్లో, ఆ కంపెనీ షో అమలాపురంలో రెండు సాయంత్రాలు వేస్తున్నట్టు వదిన ఫోను చేసింది. ఎగిరి గంతేశాను. అవతల వదిన గొంతు మాత్రం గంతెయ్యలేదు.

"మా సారు ఏమన్నారో తెల్సా? ఆట బాగుందంట. ఆకారమే బాలేదంట."

షో నడిపించే ఆయన్ని అందరూ సారనే అంటారు. అమలాపురం వదిన సొంత ప్రాంతం కాబట్టి, టికెట్లు తెగుతాయి కాబట్టి, అక్కడ మాత్రం ఆడనిస్తారట. ఆ తరవాత సన్నబడితే సరే, లేకపోతే రింగులో ఆట ఉండదు. మెరుపుల గౌను వేసుకుని ఒక మగ యోధుడి ముందు నడిచి, అతను ఆడుతున్నంతసేపూ అతని కండువా పట్టుకుని కింద నిలబడాలి. ఎవరి ముందంటే, కొండ అని పిలుచుకునే ఒకతని ముందు. అతనికి పొట్ట బెల్టు దాటి కిందికి దిగుతుంది. ఆ పొట్ట మీద అతను తబలా వాయిస్తే జనం ఈలలేస్తారు. ఆ పొట్టే అతని గుర్తింపట, పోస్టర్లో కూడా అదే ముందుంటుందట.

"అతని పొట్ట గుర్తింపు, నా తొడలు లోపం. నేను కండువా పట్టుకోనే. ఈ రెండు రోజుల్లో ఏదో ఒకటి తేలిపోవాలి" అంది వదిన.

అమలాపురం షోకి అనౌన్సరు కావాలని సారు అంటే నా పేరు చెప్పింది కూడా వదినే. వినాయక చవితి పందిట్లో, కాలేజీ ఆటల పోటీల్లో మైకు నాదే కాబట్టి, సారు ఫోనులోనే నా గొంతు విని సరేనన్నారు.

షో రోజు పొద్దున్న వదిన ఇంటికొచ్చింది. బ్యాగు దింపకముందే అత్త వరండా వైపు వేలు చూపించింది. వదిన కాటా ఎక్కింది. అత్త గుండు జరిపింది, వెనక్కి జరిపింది, మళ్ళీ జరిపింది.

"డెబ్భై నాలుగు. పోయినసారి డెబ్భై ఎనిమిదితో పంపేను నిన్ను."

"తగ్గమన్నారమ్మా."

"ఎవడు?"

"సారు. రెండు పూటలా ఉడకబెట్టిన కూరే తింటన్నాను. మొన్న రింగు తాళ్ళెక్కుతుంటే కళ్ళు తిరిగినియ్యి."

అత్త వంటింట్లోకి వెళ్ళి కంచం నిండా అన్నం, పులస కాదుగానీ దానికి చెల్లెల్లాంటి చేప పులుసు తెచ్చి, వదిన ముందు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది.

మధ్యాహ్నం గ్రౌండుకి వెళితే సారు నాకు కార్డులు ఇచ్చారు. ఒక్కొక్కరి గురించి ఏం చదవాలో వాటి మీద ఉంది. మగవాళ్ళవి ముందు చదువుకున్నాను. కొండ కార్డు మీద, నూట ముప్పై కేజీల కొండ అని రాసి ఉంది. ఆ కొండ అక్కడే కుర్చీలో కూర్చుని ఉప్మా పెసరట్టు తింటున్నాడు.

"నిజంగా నూట ముప్పయ్యాండీ?" అని అడిగాను.

"నూటెనిమిదమ్మా. మిగతాది కంపెనీ ఇచ్చింది" అన్నాడు నవ్వుతూ. మంచివాడే.

మగవాళ్ళందరికీ అంతే, పదో ఇరవయ్యో కలిపారు. ఆడవాళ్ళ కార్డులు తీశాను. వదినతో తలపడే అమ్మాయి ఉత్తరాది నుంచి వచ్చింది. ఆమె కార్డు మీద ఊరు, ఊరి కింద, పాలమీగడ మేనిఛాయతో మనసులు దోచే సుందరి అని ఉంది. వదిన కార్డు మీద, బొద్దుగా ఉన్నా ముద్దుగా ఉండే మన కోనసీమ పిల్ల అని ఉంది. ఇద్దరి కార్డుల్లోనూ బరువు లేదు. ఆట గురించి ఒక్క ముక్క లేదు.

కార్డులు పట్టుకుని సారు దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఆడవాళ్ళ బరువు రాయలేదండీ."

"రాయమమ్మా. ఆడపిల్లల బరువు చెప్తే బాగుండదు, జనం నవ్వుతారు."

"కొండగారిది చెప్తే నవ్వరాండీ?"

"అది భయం పుట్టడానికి."

"మా వదిన్ని చూసి కూడా భయపడనివ్వండి సార్. కూతకెళ్తే నలుగుర్ని ఈడ్చుకొచ్చేది."

సారు అరిచే మనిషి కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగానే చెప్పారు. "చూడమ్మా, మగాణ్ణి దెబ్బలు చూడ్డానికొస్తారు. ఆడపిల్లని చూడ్డానికొస్తారు. నేను పెట్టిన రూలు కాదిది. కార్డు మీద ఉన్నది చదువు. ఒక్క ముక్క మారినా రేపు మైకు నీ చేతిలో ఉండదు."

ఆడవాళ్ళు బట్టలు మార్చుకోడానికి పక్కనున్న స్కూల్లో ఒక క్లాసు గది ఇచ్చారు. వదిన ఒక బెంచీ మీద, ఆ ఉత్తరాది అమ్మాయి ఇంకో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి మోకాలు వాచి ఉంది. పట్టీ వేసుకుంటానంటే, తెల్లటి కాలు మీద పట్టీ బాగోదని సారు వద్దన్నారట. మందు రాసుకుంటూ పళ్ళు కొరుకుతోంది. వదినకి ఇచ్చిన డ్రెస్సుకి నడుం చుట్టూ కుచ్చులు. వదిన దాన్ని తన పాత కబడ్డీ ట్రాక్ ప్యాంటు మీద తొడుక్కుని, కుచ్చుల్ని లోపలికి దోపేస్తోంది.

ఇద్దరికీ కార్డులు చదివి వినిపించాను. పాలమీగడ అంటే ఏంటని ఆ అమ్మాయి అడిగింది. చెప్పాను.

"మలాయ్?" అంది. "మూడు సంవత్సరాలు నేర్చుకున్నాను నేను. మలాయ్?"

"వదినా, నీ బరువు చదవనా? నువ్వు ఒద్దంటే చదవను" అన్నాను. అది వదిన ఒళ్ళు, వదిన అంకె. నా షోకుకి అరిచేది కాదు.

వదిన కుచ్చులు దోపడం ఆపింది. "మైకు పోతుందన్నారు కదే నీకు?"

"పోతే పోతుంది. రేకు డబ్బా ఉంది కదా."

నవ్వింది. పొద్దుట్నుంచీ అదే మొదటి నవ్వు. "అయితే చదువు. కానీ ఉన్నది చదవకు. మగాళ్ళకి కలుపుతున్నారు కదా? నాకూ కలుపు. తొంభై చెయ్యి."

"వదినా!"

"ఏంటి వదినా? కొండగారికి ఇరవై రెండు కలిపేరు. నేను పదహారే అడుగుతున్నాను. నేనేమన్నా అన్యాయంగా అడిగేనా?"

ఆ అమ్మాయికి విషయం అర్థమయ్యేసరికి బెంచీ మీంచి లేచి నిలబడింది. "నాకు కూడా. అరవై ఉంది. డెబ్భై ఐదు చెప్పు. మలాయ్ వద్దు." అని పట్టీ తీసి మోకాలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి గ్రౌండు నిండిపోయింది. ముందు వరసల్లో కుర్చీలు, వెనక చాపలు, ఆ వెనక గోడ మీద కుర్రాళ్ళు. మా అత్త షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళందర్నీ రెండు ఆటోల్లో ఎక్కించుకొచ్చి రెండో వరసలో కూర్చుంది. మగవాళ్ళ పోటీలు అయ్యాయి. కొండగారు పొట్ట మీద తబలా వాయించారు, ఈలలు మోగాయి. తరవాత ఆడవాళ్ళ పోటీ. రింగు మధ్యలోకి వెళ్ళాను. కార్డులు వెనక జేబులో పెట్టేసుకున్నాను.

ముందు ఆ అమ్మాయిని పిలిచాను. ఊరు చెప్పాను. మూడేళ్ళ సాధన అన్నాను. "డెబ్భై ఐదు కేజీలు!" అన్నాను. జనంలో చిన్న గుసగుస లేచింది. తెర పక్కన నిలబడ్డ సారు నా వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయారు. రింగు చుట్టూ జనం, ఏం చెయ్యగలరు.

"ఇప్పుడు, మన ఉప్పలగుప్తం నుంచి, చెరువుగట్ల మీద పరిగెత్తి, కబడ్డీ కోర్టులో కూత పెట్టి, ఈ బరిలోకి దిగుతున్న మన ఆడపడుచు! బరువు, తొంభై కేజీలు!"

గోడ మీంచి ఒకడు "బస్తా!" అని అరిచాడు. పక్కవాళ్ళు అందుకున్నారు. "తొంభై కేజీల బస్తా!" నవ్వులు. సారు చెప్పింది నిజమే అవుతోంది.

అప్పుడు రెండో వరసలో మా అత్త లేచి నిలబడింది.

"తొంభై ఏంటే? అబద్ధం!"

మైకు అక్కర్లేని గొంతు అది. చెరువుకి ఈ గట్టు మీద అరిస్తే ఆ గట్టు మీద వినబడుతుంది.

"పొద్దున్నే నా చేత్తో తూచేను. డెబ్భై నాలుగు!"

రింగులోంచి వదిన పళ్ళు బిగించి, "అమ్మా, కూచో!" అంది.

"తూకం తప్పు చెబితే కూచోమంటావా? ఏమండీ, ఈ షో ఎవరిదండీ? డెబ్భై ఎనిమిది కేజీల పిల్లని మీకు అప్పజెప్పేను. మాడ్చి మాడ్చి డెబ్భై నాలుగుతో తెచ్చేరు. ఈ నాలుగు కేజీల తరుగు ఎవరిచ్చుకుంటారండీ?"

మా అత్తకి తెలియదు, అక్కడ బరువు కలిపి చెప్పడం గౌరవమని. కలిపింది తన కూతురి మాట మీదేనని కూడా తెలియదు. తను జీవితమంతా కాటా పక్కన నిలబడి ఏం చేసిందో అదే చేసింది. కానీ అక్కడున్నవాళ్ళలో చెరువుల మీద బతకనివాళ్ళు ఎందరని? తరుగు అనే మాట చెవిన పడగానే కుర్చీల్లోంచి రైతులు తలలు తిప్పారు. నవ్వు నవ్వులాగే ఉంది గానీ, అది తిరిగిన వైపు మారింది. సారు వైపు తిరిగింది.

"ఆయ్, తరుగు తీసేరంటండీ!" అని ఒక పెద్దాయన.

"ఎంతంటండీ ఇప్పుడు?" అని వెనక చాపల మీంచి.

"డెబ్భై నాలుగండీ!" అంది అత్త, వాళ్ళ వైపు తిరిగి.

మైకు ఎత్తాను. "చిన్న సవరణండీ. బరువు, డెబ్భై నాలుగు కేజీలు! వాళ్ళమ్మగారు స్వయంగా తూచినవి!"

షెడ్డు ఆడవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. వదిన అమ్మ వైపు ఒక చూపు చూసి, గోడ వైపు తిరిగి, బస్తా అన్నవాణ్ణి వేలితో చూపించి పిలిచింది. "దిగిరా బాబూ. బస్తా ఎత్తుదువు గాని." వాడు కాళ్ళు పైకి లాక్కున్నాడు.

ఆట మొదలైంది. ఆ అమ్మాయి చాలా చురుకు. పట్టీ కట్టిన కాలితోనే తాళ్ళ మీంచి ఎగిరి వదిన మీద పడింది. వదిన పడింది, వెన్ను తగిలి రింగు ధడాలుమంది. లేచింది. ఆ అమ్మాయిని భుజం మీదికి ఎత్తుకుంది. ఎత్తి ఊరికే దింపెయ్యలేదు, రింగు చుట్టూ నడిచింది, నాలుగు వైపులా అందరికీ చూపిస్తూ. అప్పుడు చాపల మీంచి ఎవరో మొదలుపెట్టారు. "డెబ్భై నాలుగూ!" రింగు పక్కనున్న డప్పు అందుకుంది. "డెబ్భై నాలుగూ! డెబ్భై నాలుగూ!" ఇంతకుముందు బస్తా అన్న గోడ కూడా అదే అరుస్తోంది. వదిన తాళ్ళెక్కి, రెండు చేతులూ చాచి, గాల్లోకి లేచింది. కళ్ళు తిరగలేదు. పొద్దున్న తిన్న చేప పులుసు బాగానే పనిచేసింది.

ఆ పోటీలో వదిన ఓడిపోయింది. అలాగే అనుకున్నారు ముందే. పాలమీగడ గెలవాలని సారు పెట్టుకున్నారు, అలాగే గెలిచింది. గెలిచిన అమ్మాయి వదిన చెయ్యి పట్టుకుని పైకెత్తడం మాత్రం ఎవరూ అనుకున్నది కాదు.

కింద సారు నా దగ్గరికొచ్చి చెయ్యి చాచారు. మైకు ఇచ్చేశాను.

"చెప్పాను కదమ్మా" అన్నారు.

"చెప్పేరండీ. నేను కూడా చెప్పేనండీ, కార్డు మీద లేనిది."

మర్నాడు సాయంత్రం నేను జనంలో, అత్త పక్కన కూర్చున్నాను. నాకోసమని నాన్న కూడా వచ్చాడు. రింగులో ఎవరో కుర్రాయన, కోటు వేసుకుని, మంచి గొంతే. ఆడవాళ్ళ పోటీ వచ్చింది. "బొద్దుగా ఉన్నా ముద్దుగా ఉండే మన కోనసీమ పిల్ల!" అని వదిన్ని పిలిచి, వదిన రాగానే పక్కకి తప్పుకున్నాడు.

వదిన నిలబడిపోయింది. గంట కొట్టారు. కదల్లేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని జనం వైపు వంగింది. ఎదురుగా ఉన్న అమ్మాయి కూడా అలాగే చెయ్యి పెట్టుకుంది. ముందురోజు వచ్చినవాళ్ళు చాలామంది మళ్ళీ వచ్చారు, వాళ్ళు చెప్పగా విని వచ్చినవాళ్ళు ఇంకా చాలామంది. "డెబ్భై నాలుగూ!" అని గ్రౌండంతా అందుకుంది.

"డెబ్భై అయిదే ఇయ్యాళ!" అని అరిచింది అత్త. "రాత్రి తిన్నాది!"

"డెబ్భై అయిదూ!" అని సవరించుకున్నారు జనం. ఆ కోటాయన చేతిలో కార్డు తిప్పి చూసుకుంటున్నాడు, వెనక వైపు ఏమన్నా రాసి ఉందేమోనని.

సారు మా వరస దగ్గరికి వచ్చారు. మా నాన్న లేచి నిలబడబోతే అత్త చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"రామ్మా. వచ్చి చెప్పు" అన్నారు సారు.

"ఎవరి బరువండీ?"

"ఇద్దరిదీ."

"పాలమీగడా?"

ఆయన ఊపిరి వదిలారు. "తీసెయ్యి."

"కండువా పట్టుకునే పని?"

జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. ఆయన వాళ్ళ వైపు చూశారు, రింగులో చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డ వదిన వైపు చూశారు. "ఆ పిల్ల చేతికి కండువా ఇస్తే వీళ్ళు నన్ను గోదాట్లో కలుపుతారు. ఆడుకోనీ."

వెళ్ళాను. ఇద్దరి బరువూ చెప్పాను, ఉన్నది ఉన్నట్టు. అమ్మాయిది అరవై, వదినది డెబ్భై అయిదు. కొండగారు మాత్రం, ఆ రోజు ఆఖర్న ఉన్న తన పోటీకి ముందు నన్ను పక్కకి పిలిచి, చేతులు జోడించినంత పని చేశారు. "అందరిదీ నిజం చెప్పు గానీ, నాది మాత్రం తగ్గించకమ్మా. ఇంట్లో మావాళ్ళు కూడా నూట ముప్పై అనే అనుకుంటున్నారు." ఆయనకి నూట ముప్పయ్యే చెప్పాను. రెండో వరసలోంచి మా అత్త నన్ను ఎలా చూసిందో మీకు చెప్పలేను.

కంపెనీ ఉద్యోగం అన్నాను కదా, ఆ ఫోను సారు చేసిందే. నా షరతు ఇదీ: బరువు చెబితే అందరిదీ చెబుతాను, మానేస్తే అందరిదీ మానేస్తాను. కలిపితే ఆడవాళ్ళకీ కలుపుతాను, వాళ్ళు కావాలంటేనే. రంగు గురించి, నడుం గురించి, బుగ్గల గురించి నా నోటితో ఒక్క మాట చదవను. ఆయన సోమవారానికి రాజమండ్రి స్టేషనుకి వచ్చెయ్యమన్నారు. అన్నీ చక్కబడ్డాయని కాదు. తరవాతి ఊరి పోస్టరు వదిన నాకు పంపింది. అందులో వదిన మొహాన్ని రెండు రంగులు తెల్లగా చేసి, భుజాలు సగం చెక్కేసి, మూల పెట్టారు. కొండగారి పొట్ట మధ్యలో ఉంది. వెళ్ళాక మొదటి పేచీ ఆ పోస్టరు మీదే.

నిన్న డిగ్రీ స్వీట్లు పట్టుకుని అత్త ఇంటికి వెళ్ళాను. వదిన కూడా ఉంది. డబ్బా చేతిలోంచి తీసుకోకముందే అత్త వరండా వైపు వేలు చూపించింది. ఇన్నేళ్ళూ కాటా పక్కన నిలబడి అరవడమే గానీ, నా బరువు ఎవరూ అరిచింది లేదు. ఎక్కాను. వదిన పరిగెత్తుకెళ్ళి అటక మీంచి ఆ రేకు డబ్బా తెచ్చింది. అత్త గుండు జరిపి అంకె చెవిలో చెప్పింది.

"ఉప్పలగుప్తం నుంచి!" అని అరిచింది వదిన, వీధి చివర దాకా. "మా ఇంటిలో మొట్టమొదటి డిగ్రీ! మా మరదలు! బరువు, యాభై రెండు కేజీలు, డిగ్రీతో కలిపి!"

"ఆ డిగ్రీకి తరుగెంత తియ్యాలే?" అంది అత్త.

"ఏమీ తియ్యకూడదత్తా."

"అయితే అన్నానికి రా. యాభై రెండేంటి, ఆ ఊళ్ళన్నీ తిరగాలా నువ్వు? సోమారంలోగా యాభై నాలుగు చెయ్యాలి నిన్ను."

కంచం ముందు కూర్చున్నాను. ఇప్పటికి యాభై మూడు.